చెమట చెప్పిన మాట

మూత పడగానే మెషిన్‌లో నీలం కాంతి వెలిగింది. నస్రీన్ ఊపిరి బిగబట్టింది. విశాఖలో రెయిన్‌కోట్లు అమ్మే పెద్ద కంపెనీకి ఆమె పర్చేజ్ హెడ్. ఈ ఏడాది కుట్టుపని ఏ యూనిట్‌కి ఇవ్వాలో ఇవాళ తేలిపోవాలి.

"కష్టపడితే పట్టే చెమట వేరు, భయపడితే పట్టే చెమట వేరు," అంది మెషిన్ కనిపెట్టిన డాక్టర్ సుకన్య. "కుట్టేవాళ్ల వేళ్ల నుంచి అది గుడ్డ పోగుల్లోకి దిగిపోతుంది. ఈ సెన్సర్ ఆ తేడాని పసిగడుతుంది."

అందరికంటే చవగ్గా కుట్టే యూనిట్ కోటు లోపల ఉంది. ఎర్ర లైటు వెలిగింది, అంటే భయం చెమట.

"అయితే వీళ్లని తీసేస్తారా?" అడిగింది సుకన్య.

"తీసేస్తే ఆ పనివాళ్లే రోడ్డున పడతారు. నేనే వెళ్లి ఓనరుతో మాట్లాడతాను. అక్కడ పద్ధతులు మారితేనే కొత్త ఆర్డరు," అంది నస్రీన్.

తర్వాత విజయనగరం మహిళల యూనిట్ కోటు పెట్టారు. ఆకుపచ్చ లైటు ధగధగలాడింది. ఆ యూనిట్ నడిపే అప్పలనరసమ్మ అక్కడే ఉంది. నస్రీన్ ఆనందం పట్టలేక ఆమె చేతులు పట్టుకుంది. "ఆర్డరు మీకే!"

"ఉండండి మేడమ్. మమ్మల్ని మీరు చూసుకున్నారు, బాగుంది. మీరెలాటోళ్లో మేం చూసుకోవద్దేటి? మీ మెళ్లో ఉన్న ఆ ఐడీ కార్డు పట్టీ ఇలా ఇవ్వండి."

నస్రీన్ నవ్వుతూ తీసిచ్చింది. మీటింగుల్లో కూర్చుని రోజూ వేళ్లతో నలిపే పట్టీ అది. దాన్ని మెషిన్‌లో పెట్టగానే ఎర్ర లైటుతో పాటు, అంతవరకూ ఎవరూ వినని అలారం కూడా మోగింది.

నస్రీన్‌కి ముందు సిగ్గేసింది. తర్వాత ఆపుకోలేనంత నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ బరువుగా ఉన్నదేదో గుండెల మీంచి దిగినట్టయింది.

"మీ ఆఫీసు చూశాకే మా సరుకు," అని తేల్చేసింది అప్పలనరసమ్మ. వానాకాలం ముంచుకొస్తోంది. ఆకుపచ్చ లైటు వెలిగిన యూనిట్ ఇంకోటి లేదు. కంపెనీ ఎండీ ఒప్పుకోక తప్పలేదు.

మరుసటి వారం కుట్టుపని ఆడవాళ్లంతా పులిహోర డబ్బాలతో హెడ్డాఫీసులో దిగారు. "అన్నం టైముకి తింటన్నారా? సెలవడిగితే ఇస్తన్నారా? ఎవరైనా అరుస్తన్నారా?" అంటూ ఒక్కొక్కరినీ అడగసాగారు. చెప్పుకునేవాళ్ల వరస లిఫ్టు దాకా సాగింది. ఆ అంతస్తులో అంతమంది నవ్వడం నస్రీన్ ఎప్పుడూ వినలేదు.

వరస చివర, టై వదులు చేసుకుంటూ, అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాడు ఎండీ.

"నా మీద బోర్డువాళ్లు అరుస్తారమ్మా," అన్నాడు మెల్లగా.

అప్పలనరసమ్మ కుర్చీ లాగి వేసింది. "ముందు కాస్త తినండి బాబూ. తర్వాత చెబుదురు గాని."