చప్పుడు చొరని తలుపు

ఎండ బారెడెక్కేసరికే ఎర్రమిట్ట తలుపులు బిగించుకుంటుంది. ఇరవై ఒకటో శతాబ్దం చివరికొచ్చేసరికి సీమ వేసవి మధ్యాహ్నాలు మనిషి వీధిలో నిలబడేలా లేవు. ఊరిని బతికిస్తున్నది ఊరి నడుమ ఉన్న శక్తిగాదె. పలకల మీద పడ్డ ఎండను కరెంటుగా మార్చి, వరుసలుగా పేర్చిన బ్యాటరీలలో దాచే పెద్ద కట్టడమది. వెనకటివాళ్లు వడ్లు పోసుకున్నట్టు ఇప్పటివాళ్లు వెలుగు పోసుకుంటున్నారు కనుక ఆ పేరు నిలిచిపోయింది.

గొడుగు పట్టుకుని గాదె వైపు నడుస్తున్న ఇంజనీరు మందాకినికి ఆ రోజెందుకో మనసు కుదురుగా లేదు. వీధిలో కుక్క అరుపు లేదు, కుక్కర్ కూత లేదు, ఎవరూ ఎవరినీ కేకేయడం లేదు. అటూ ఇటూ ఉన్న ప్రతి తలుపూ ఆమె గీసిందే.

నిజానికి వాటిని ఆమె ఇళ్ల కోసం గీయలేదు. బ్యాటరీలకు ఒక జబ్బుంది. ఒకటి కాగి మండితే పక్కదాన్ని అంటిస్తుంది, అది మరోదాన్ని. అందుకే గాదెలో గదికీ గదికీ మధ్య మంటను ఆపే తలుపు కావలసి వచ్చింది. నిగనిగలాడే రెండు ఉక్కు రేకుల నడుమ గాలి తోడేసి మందాకిని ఒక శూన్యపొర నిలిపింది. దాని వెనక వేడిని దాటనివ్వని, పొగంత తేలికైన ఏరోజెల్ పలక. అంచుల చుట్టూ, వేడి తగలగానే ఉబ్బి సందును మూసేసే పట్టీ. వేడికి దారి దొరకని చోట శబ్దానికీ దారి దొరకదు. ఆ సంగతి ఆమెకు తెలుసు కానీ, దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకున్నది కాలనీ సంఘం పెద్ద చౌడప్ప. తలుపును పరీక్షించిన రోజు ఆయన ఇవతల నిలబడ్డాడు. అవతల గాదె పర్యవేక్షకుడు ఓబులేసు సమ్మెటతో బాదుతున్నాడు.

"ఇంతకీ కొడతాండాడా లేదా మేడమ్?"

"కొడుతూనే ఉన్నాడండీ."

చౌడప్ప తలుపుకు చెవి ఆనించి చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "పక్కింటోళ్ల రచ్చతో సచ్చిపోతాండాం తల్లీ. ఇట్లాంటిది మా ఇంటికొకటి సేసియ్యి."

ఆయన ఇంటితో మొదలై ఊరంతా పాకింది. చల్లదనం బయటికి పోదు, పక్కింటి గోల లోపలికి రాదు. మందాకినికి సన్మానం చేశారు. ఆమె కూడా తన ఇంటికొకటి పెట్టించుకుంది.

గాదెలోకి అడుగుపెట్టిందో లేదో, ఓబులేసు ఎదురు పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, ఏడో గది తలుపు దానంతట అదే మూసుకుపోయింది!"

గాదెను నడిపే యంత్రబుద్ధి పేరు కావలి. గోడలోంచి దాని గొంతు నిదానంగా వినిపించింది. "ఏడో గదిలో బ్యాటరీలు మండుతున్నాయి. తలుపు మంటను ఆపింది. పక్క గదులు చల్లగానే ఉన్నాయి."

మందాకిని ఊపిరి పీల్చుకుంది. కావలి ఇంకా ముగించలేదు. "లోపల విషవాయువు పేరుకుంటోంది. అరగంటలోపు పొగగొట్టం తెరవాలి. తెరవకపోతే గోడ పగులుతుంది. గాలి ఊరి మీదికే వీస్తోంది. ఇళ్లలోకి గాలి లాగే గొట్టాల గుండా ఆ వాయువు లోపలికి చేరుతుంది. జనం పడమటి గుట్ట ఎక్కాలి."

"సైరన్ వేశావా?"

"మీరు లోపలికి రాగానే వేశాను, ఈ గోడల్లోకి వినబడదు. ఫోన్లకూ పంపాను. రోజూ వచ్చే పరీక్ష హెచ్చరికలతో విసిగి, దాదాపు అందరూ వాటిని వినబడకుండా చేసుకున్నారు."

మందాకిని బయటికి ఉరికింది. సైరన్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. చౌడప్ప ఇంటి తలుపును అరచేతులతో బాదింది, చెప్పు తీసి బాదింది, రాయితో బాదింది. "చౌడప్పగారూ! బయటికి రండి!" తన గొంతు తనకే తిరిగొచ్చింది. పక్కింటికి పరుగెత్తింది, ఆ పక్కింటికి. సమ్మెట దెబ్బకే పలకని తలుపు, రాయికి పలుకుతుందా? చేతులు దోక్కుపోయి నెత్తురు వస్తోంది. ఎంత బాగా చేశానో అనుకుంటే ఏడుపొచ్చింది.

గాదెలోకి వెనక్కి వచ్చి, "ఊరికి కరెంటు ఆపెయ్" అంది.

"ఈ ఎండలో చల్లదనం ఆగితే ముసలివాళ్లకు ప్రమాదం. అది నాకు నిషిద్ధం" అంది కావలి. "మనుషులు చేతితో ఆపవచ్చు."

ఓబులేసు మీట మీద చెయ్యి వేసి ఆగాడు. "ఆపితే మన మీదికొస్తారు మేడమ్."

"రానీ ఓబులేసూ. రావడమే కావాలి."

అతను మీట కిందికి లాగాడు.

కాసేపు ఏమీ కాలేదు. మందాకిని గాదె వాకిట నిలబడి వీధి వైపు చూసింది. అంతలో ఒక తలుపు తెరుచుకుంది, తర్వాత ఇంకొకటి, తర్వాత వీధి వీధంతా. చెమటలు తుడుచుకుంటూ, తిట్టుకుంటూ జనం గాదె మీదికి వచ్చారు.

"ఎవురు తీసింది కరెంటు?" చౌడప్ప కేక అందరికంటే ముందొచ్చింది. ఆ వెంటనే ఆయన ఆగిపోయి ఆకాశం వైపు చూశాడు. "ఈ మోత ఎప్పట్నుంచి?"

"విషపు పొగ వస్తోంది, గుట్ట మీదికి పదండి! ముసలాళ్లని ఎత్తుకోండి, పదండి!" అని మందాకిని అరిచింది. కరెంటు కోసం వచ్చినవాళ్లు ప్రాణాల కోసం పరుగెత్తారు. ఓబులేసు తలుపు తలుపుకూ వెళ్లి, మంచాన ఉన్నవాళ్లను బండ్ల మీదికి చేర్చాడు. చివరి బండి గుట్ట ఎక్కుతుండగా పొగగొట్టం తెరుచుకుంది. తెల్లటి పొగ వీధిలోకి దిగి, గడప గడపకూ తాకుతూ పారింది. గుట్ట మీద బండరాళ్ల నీడన ఊరంతా నిలబడి చూసింది.

భయం కాస్త తగ్గాక మాటలు మొదలయ్యాయి. రంగమ్మ అనే ఆవిడ పక్కింటి కోడలు సమీరాను చూసి నోరు తెరిచింది. "నీకు పాప పుట్టిందా! ఎప్పుడు?"

"పాప అప్పుడే నడుస్తా ఉండాది కదక్కా" అంది సమీరా, సిగ్గుపడుతూ. రంగమ్మ పాపను లాక్కుని చంకనేసుకుంది. తన పక్కన జరుగుతున్నది చూసి మందాకిని కళ్లు చెమ్మగిల్లాయి. తలుపులో శబ్దం దూరేంత చిన్న సందు ఎలా వదలాలో మనసులో గీసుకుంది. రేపే అడుగుతారు, అడగకపోయినా తనే పెడుతుంది.

పొద్దు వాలేసరికి పొగ తేలిపోయింది. చౌడప్ప నలుగురినీ వెంటబెట్టుకుని వచ్చి చేతులు జోడించాడు.

"మా ప్రాణాలు నిలబెట్టినావు తల్లీ. ఒగటే మనవి. అందరమూ మాట్లాడుకున్న్యాం."

"చెప్పండి. నేనూ అదే ఆలోచిస్తున్నా."

"కరెంటు పోతే ఎట్లుంటాదో ఈ పొద్దు తెలిసొచ్చింది. ఇంగ ఎవురు మీట లాగినా మా ఇండ్లల్లో పోకుండా, ఇంటింటికీ సొంతంగా ఒగ సిన్న గాదె కట్టియ్యి."

వెనకున్న తలలన్నీ ఊగాయి. సమీరా బిడ్డను చంకనేసుకుని ఉన్న రంగమ్మ తల కూడా ఊగింది. ఇన్నేళ్లలో ఎర్రమిట్ట ఒక మాట మీద నిలబడటం మందాకిని చూడటం అదే మొదలు.

వద్దని చెప్పాలనుకుంది. నోరు తెరిచింది కూడా. కానీ చిన్న గాదె అంటే పడక గదికి జానెడు దూరంలో బ్యాటరీలు. మంట రేగితే ఆపాలి. దానికి తలుపు ఎంత మందం ఉండాలో ఆమె బుర్ర అప్పటికే లెక్క కట్టడం మొదలుపెట్టింది.