పద్నాలుగో పేజీలో జామ్ మరక

"ఇదేంటి?"

"జామ్."

"జామ్ అని నాకూ కనిపిస్తోంది. నా నోట్‌బుక్‌లోకి ఎలా వచ్చింది?"

"ఆప్రికాట్ జామ్," అన్నాడు తాలాయ్, ఏ పండుదో తెలిస్తే ఆమె కోపం చల్లారుతుందన్నట్టు.

మేరిమ్ కోపం చల్లారలేదు. యూనివర్సిటీ రెండో అంతస్తులో, ఇంకా వేడెక్కని రేడియేటర్ పక్కన నిలబడి, పద్నాలుగో పేజీని అతని ముక్కు దగ్గరికి తెచ్చి చూపించింది. అక్టోబర్ నెల. బిష్కెక్‌లో చలి మొదలైంది కానీ రేడియేటర్లు మొదలవలేదు.

"రెండు రోజులని తీసుకెళ్లి ఎనిమిది రోజులు ఉంచుకున్నావు. పైగా దీని మీద టీ పార్టీ కూడా పెట్టుకున్నావా?"

"పార్టీ కాదు. అదీ... మా నాయనమ్మ..."

"ఓహో! మీ నాయనమ్మకు కూడా అవకలన సమీకరణాల పరీక్ష ఉందా?"

తాలాయ్ చెవులు ఎర్రబడ్డాయి.

"నీకొక మాట చెప్పాలని వచ్చాను," అన్నాడు చివరికి. "ఆ పేజీ గురించే."

"ఏం, మళ్లీ రాసిస్తావా? వద్దులే. నీ రాత చూశాను. కోడి గెలికినట్టుంటుంది."

విసురుగా వెళ్లిపోయింది. మలుపు తిరిగాక మాత్రం ఆమె నడక నెమ్మదించింది. ఈ ఊరొచ్చి అయిదు వారాలైంది. ఈ అయిదు వారాల్లో ఒక మనిషి ఆమెతో ఇంతసేపు మాట్లాడడం ఇదే మొదటిసారి. తీరా మాట్లాడితే తను చేసిన ఘనకార్యం ఇది! వెనక్కి వెళ్దామా అనుకుంది. రోషం అడ్డొచ్చింది.

ఆ మర్నాటి లెక్చర్‌లో పేజీ అంచున, పెన్సిల్‌తో, చీమ తలకాయంత అక్షరాలతో ఇలా రాసుకుంది: "నిన్న ఒకరు నాతో మాట్లాడారు. తిట్టి పంపించాను."

అది ఆమెకు అలవాటు. క్లాసులో పాఠమంతా రష్యన్‌లో. మేరిమ్‌దేమో నరీన్ కొండల్లో అట్‌బాషీ అనే ఊరు. అక్కడ బడి చదువంతా కిర్గిజ్‌లోనే సాగింది. ఒక్క ముక్క తప్పిపోయినా మళ్లీ దొరకదన్న భయంతో లెక్చరర్ దగ్గింది తప్ప అన్నీ రాసేది. అందుకే గ్రూప్‌లో ఆమె నోట్‌బుక్‌కి అంత గిరాకీ. ఆ లెక్చరర్ ఇషెన్‌కుల్ గారిని పిల్లలందరూ అగాయ్, అంటే మాస్టారు, అని పిలుస్తారు. ఆయనదొక నియమం: స్వహస్తంతో రాసిన నోట్‌బుక్ చూపించనివాళ్లకి పరీక్షలో అడుగు పెట్టే అర్హత లేదు. జిరాక్సు పనికిరాదు, ఫోన్‌లో ఫోటో అసలే పనికిరాదు. కాబట్టి పొద్దున ఎనిమిదింటి లెక్చర్‌కి లేవలేని బద్ధకస్తులందరూ మేరిమ్ నోట్‌బుక్ పట్టుకెళ్లి కూర్చుని కాపీ చేసేవాళ్లు.

నోట్‌బుక్ ఊరంతా తిరిగేది. మేరిమ్ మాత్రం తన బెంచీలోనే ఉండేది. "నోట్‌బుక్ ఉందా?" అని అడిగేవాళ్లే కానీ "తిన్నావా?" అని అడిగే నాథుడు లేడు. హాస్టల్ గదిలో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉండేవాళ్లు. మంచివాళ్లే. కానీ వాళ్ల నవ్వులు వాళ్లవి, వాళ్ల గొడవలు వాళ్లవి. మూడో మనిషికి అందులో చోటుండేది కాదు.

సాయంత్రం ఆరింటికి అమ్మ ఫోన్ చేసేది.

"పక్కన ఎవరైనా ఉన్నారా తల్లీ?"

"గది నిండా ఉన్నారమ్మా. అందరం టీ తాగుతున్నాం."

"అలాగా. సరే, నువ్వే పెట్టెయ్." అమ్మ ఎప్పుడూ ముందు ఫోన్ పెట్టేది కాదు. కూతురు పెట్టేదాకా అలా పట్టుకునే ఉండేది.

ఎవరికీ చెప్పలేనివన్నీ మేరిమ్ మార్జిన్‌లో కిర్గిజ్‌లో రాసుకునేది. గ్రూప్‌లో అందరూ కిర్గిజ్‌వాళ్లే కానీ పట్నం పిల్లలు, రష్యన్ బడుల్లో చదువుకున్నవాళ్లు. మాట్లాడితే ఏదో అర్థం చేసుకుంటారు, చదవమంటే ఆవులిస్తారు. ఆ చీమ తలకాయలు ఎవరి కంటా పడవని ఆమె ధైర్యం.

నవంబర్‌లో ఒకరోజు అగాయ్ బోర్డు మీద ఒక సమీకరణం రాసి, సుద్దముక్కతో దాని కుడివైపు టకటకా కొట్టాడు. "ఇక్కడ సున్నా. మొదట్లో కూడా అన్నీ సున్నాలే. అప్పుడు పరిష్కారం ఏంటి? సున్నా. నిన్న సున్నా, ఇవాళ సున్నా, వెయ్యేళ్ల తర్వాతా సున్నా. బయటినుంచి ఏదో ఒకటి వచ్చి తోస్తే తప్ప అది కదలదు."

క్లాసంతా రాసుకుంది. మేరిమ్ ఆ మాట కింద ఇంకో మాట కలిపింది: "నా సంగతే చెప్తున్నట్టున్నారు."

తాలాయ్ ఆ తర్వాత కూడా రెండుసార్లు, చివరిసారి డిసెంబర్ మధ్యలో, నోట్‌బుక్ అడిగాడు. రెండుసార్లూ తను రాలేదు. గ్రూప్ లీడర్ చేత అడిగించాడు, గ్రూప్ లీడర్ చేతే తిరిగి పంపించాడు. మరకల్లేవు. మేరిమ్ ప్రతి పేజీ తిప్పి చూసింది. ఒక్క మరక కూడా లేకపోయేసరికి ఎందుకో మనసు చివుక్కుమంది.

డిసెంబర్ మొదట్లో మార్జిన్‌లో రాసుకుంది: "పరీక్షలవగానే నా కాగితాలు తీసుకుని ఇంటికి వెళ్లిపోతాను." ఆ వారమే చదువు మానేస్తున్నానని డీన్ ఆఫీసుకి ఇవ్వాల్సిన దరఖాస్తు రాసి బ్యాగులో పెట్టుకుంది. అమ్మకి చెప్పడమే మిగిలింది. నోట్‌బుక్‌లు తనిఖీ చేసే రోజు పొద్దున అమ్మకి మెసేజ్ పెట్టింది: "సాయంత్రం నీకొక సంగతి చెప్పాలి."

తనిఖీ రోజున అగాయ్ పద్ధతి అందరికీ తెలిసిందే. ఒక్కొక్కరినీ పిలుస్తాడు. ఎక్కడో ఒకచోట పేజీ తెరిచి పైకి చదువుతాడు. నచ్చితే సంతకం, నచ్చకపోతే జనవరిలో కలుద్దాం అంటాడు. మేరిమ్ పుస్తకం తిరగేసి, "ముత్యాలు!" అని సంతకం పెట్టి బల్ల మీద ఉంచాడు. తాలాయ్ వంతు వచ్చింది.

అగాయ్ కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. "'తొలి షరతులు ఇస్తే పరిష్కారం ఒక్కటే ఉంటుంది.' బాగుంది. 'ఇవాళ క్యాంటీన్‌లో నా ఎదుటి కుర్చీ ఖాళీ.'"

చదువుతున్న గొంతు ఆగింది.

"తాలాయ్, ఇది ఏ సిద్ధాంతంలో భాగం బాబూ? నేను చెప్పినట్టు గుర్తులేదే."

క్లాసు గొల్లుమంది. కిర్గిజ్ చదవడం రాదేమో కానీ పైకి వింటే అందరికీ అర్థమైంది. "తాలాయ్ కుర్చీ ఎవరు ఎత్తుకెళ్లార్రా?" అన్నాడు వెనక బెంచీ వాడొకడు. ఇంకెవరో "అది మేరిమ్ నోట్స్ రా!" అన్నారు. అంతే, ముప్పై తలలు ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి.

మేరిమ్‌కి బెంచీ కింద దూరిపోవాలనిపించింది. మూడు నెలలుగా తన వైపు ఒక్కరైనా చూడాలని కోరుకుంది. ఇలా చూడాలని మాత్రం కోరుకోలేదు. ఏడుపు గొంతు దాకా వచ్చింది. దరఖాస్తు ఇవాళే ఇచ్చేస్తాను, పరీక్షలదాకా కూడా ఆగను అనుకుంది.

తాలాయ్ లేచి నిలబడ్డాడు. "తప్పు నాదే అగాయ్. నేను మక్కికి మక్కి కాపీ చేశాను. మధ్యమధ్యలో కిర్గిజ్‌లో ఉంటే, మీరేదో పదాలకి అర్థాలు చెప్పారనుకుని అవీ ఎక్కించేశాను. నాకు కిర్గిజ్ చదవడం రాదు."

మళ్లీ నవ్వులు. ఈసారి అతని మీద.

"సిగ్గులేదూ? తాతముత్తాతల భాష లెక్కల గుర్తుల్లా దించుకున్నావా?"

"ఉంది అగాయ్. అందుకే మా నాయనమ్మ దగ్గరికి తీసుకెళ్లాను."

అగాయ్ ఇంకేదో అనబోతూ పేజీ తిప్పాడు. ఇంకొకటి తిప్పాడు. పెదవులు కదిలాయి కానీ ఈసారి పైకి చదవలేదు. క్లాసు నవ్వి నవ్వి దానంతటదే సద్దుమణిగింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, తాలాయ్ పుస్తకం మీద సంతకం పెట్టాడు.

"మేరిమ్, ఇలా రా అమ్మా. నీ పుస్తకం ఇక్కడే ఉండనీ. ఇది తీసుకెళ్లి చదువు. బయట కూర్చుని చదువు."

ఆయన ఆమె చేతిలో పెట్టింది తాలాయ్ నోట్‌బుక్.

రేడియేటర్ ఇప్పుడు వేడిగా ఉంది. మేరిమ్ దాన్ని ఆనుకుని పద్నాలుగో పేజీ తెరిచింది. కోడి గెలికిన రాతలో తన ఖాళీ కుర్చీ మాట. దాని పక్కన నీలం సిరాతో, ఒకటో తరగతి పిల్లాడిలా గుండ్రంగా, తప్పులతో, కిర్గిజ్‌లో ఇంకో మాట.

"నాయనమ్మ పైకి చదివింది. చదివి చెంచా జారవిడిచింది. ఇది లెక్క కాదురా, ఒక పిల్ల దిగులు అన్నది. ఈ సంగతి నీకు చెప్పాలని వచ్చాను. నువ్వు జామ్ గురించి అడిగావు."

మేరిమ్ పేజీలు తిప్పింది. ఆమె రాసుకున్న ప్రతి మాటా అక్కడ ఉంది. ప్రతి మాట పక్కనా ఒక జవాబు ఉంది.

"తిట్టి పంపించాను" అన్నచోట: "పరవాలేదు. ఇంకా తిట్టు."

"నా సంగతే చెప్తున్నట్టున్నారు" అన్నచోట: "తర్వాతి పాఠంలో కుడివైపు సున్నా లేనివి వస్తాయి. నేను ముందే చూసినాను. కొంచెం ఆగు."

"ఇవాళ మంచు పడింది, చూడమని చెప్పడానికి ఎవరూ లేరు" అన్నచోట: "నేను చూశాను. బస్టాప్ దాకా నీ వెనకే వచ్చాను. మొదటి మాట కిర్గిజ్‌లో తయారు చేసుకునేలోపు బస్సు వచ్చేసింది."

మేరిమ్‌కి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కన్నీళ్లు కూడా వచ్చాయి. గొంతులో ఉన్న ఏడుపు ఎటూ పోలేదు కదా!

చివరి పేజీకి వచ్చింది. "ఇంటికి వెళ్లిపోతాను" అన్నచోట నీలం సిరాతో నాలుగు వాక్యాలు రాసి, నాలుగూ కొట్టేసి ఉన్నాయి. కింద వణికే అక్షరాలతో, ఏమాత్రం తప్పుల్లేని కిర్గిజ్‌లో ఇలా ఉంది: "వీడికి రాయడం చేతకావడం లేదు. నువ్వే టీకి రా తల్లీ. ఇట్లు, వీడి నాయనమ్మ."

తలుపు కిర్రుమంది. తాలాయ్ వచ్చి మూడడుగుల దూరంలో ఆగాడు. చెవులు మళ్లీ ఎర్రగానే ఉన్నాయి.

"ఇంతకాలం నోరు తెరిచి అడగలేకపోయావా?" అంది మేరిమ్.

"నోరు తెరిస్తే నవ్వుతావని. నా కిర్గిజ్‌కి బజార్లో ఉల్లిపాయలు అమ్మే ఆవిడ కూడా నవ్వుతుంది."

"రష్యన్‌లో అడగొచ్చుగా. నాకు అర్థమవుతుంది."

"అవుతుంది. కానీ నువ్వు రాసుకున్నది కిర్గిజ్‌లో కదా. దిగులు ఒక భాషలో పడితే, జవాబు ఇంకో భాషలో చెప్పాలనిపించలేదు."

మేరిమ్ నోట్‌బుక్ మూసి, మళ్లీ తెరిచింది.

"కొట్టేసినచోట ఏం రాశావు?"

తాలాయ్ కిర్గిజ్‌లో, ఒక్కొక్క మాటా కాళ్ల కింద గట్టిగా ఉందో లేదో చూసుకుంటున్నవాడిలా చెప్పాడు: "వెళ్లకు. నువ్వంటే నాకు ఇష్టము ఉన్నది." ఆగి, "ఇది మాత్రం నాయనమ్మ నేర్పలేదు. తప్పులుంటే నావే," అన్నాడు.

"ఒక్క తప్పు కూడా లేదు," అంది మేరిమ్. ఉంది. అయినా ఆమెకి దిద్దాలనిపించలేదు.

తాలాయ్ వాళ్ల నాయనమ్మ తలుపు తీస్తూనే మేరిమ్‌ని ఎగాదిగా చూసింది. "ఇంత సన్నగా ఉన్నావేంటే! ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంటే మాత్రం, కంచం కూడా ఖాళీగా పెట్టుకున్నావా?" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. బల్ల మీద నూనెలో వేయించిన వేడి బోర్సోక్ రొట్టెముక్కలు, పెద్ద గిన్నె నిండా ఆప్రికాట్ జామ్. నాయనమ్మ ఆమెకి ఎదురుగా, మోకాళ్లు ఆనేంత దగ్గరగా కూర్చుంది. మీ ఊరి మంచు సంగతి చెప్పు, మీ గొర్రెల సంగతి చెప్పు అంటూ ఊపిరాడనివ్వలేదు. మేరిమ్ చెప్తూనే ఉంది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

ఆరింటికి ఫోన్ మోగింది. అమ్మ.

"ఏదో సంగతి చెప్పాలన్నావు? పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను." ఊపిరి తీసుకుని, ఎప్పటిలాగే అడిగింది: "పక్కన ఎవరైనా ఉన్నారా తల్లీ?"

మేరిమ్ జవాబు చెప్పేలోపే నాయనమ్మ అందుకుంది. "ఎవరే ఫోన్‌లో? మీ అమ్మేనా? ఈ పిల్లకి తిండి సరిగ్గా పెట్టి పెంచారా లేదా అని అడుగు! ఒరేయ్ తాలాయ్, ఆ జామ్ ఇటు తోయరా, నోట్‌బుక్‌ల మీద కాదు, కంచంలో!"

"అయ్యో నాయనమ్మా, అది ఒలికించింది నువ్వు!" అని తాలాయ్ అరిచాడు.

మేరిమ్ ఫోన్ చెవికి అదుముకుంది.

"అమ్మా? ఉన్నావా?"

"ఉన్నాను," అంది అమ్మ. ఆమె గొంతు తడిగా ఉంది. "రోజూ గది నిండా జనం అనేదానివి. ఒక్క గొంతు కూడా వినపడేది కాదు. అడిగితే బాధపడతావని ఊరుకునేదాన్ని."

మేరిమ్ కళ్లు తుడుచుకుంది.

"ఇవాళ వినపడుతున్నారులే. ఆ సంగతేదో రేపు చెప్పు. వాళ్లతో మాట్లాడు, నేనే పెట్టేస్తున్నా," అంది అమ్మ. అని, మొదటిసారి, తనే ముందు ఫోన్ పెట్టేసింది.