మూడుకి తగ్గకూడదు

వంటగది పక్క స్టోర్‌రూమ్‌లో, పాత బూట్ల అర మీద మూడు చిన్న కంప్యూటర్లు పెట్టాను. ఆఫీసులో వందల మెషీన్ల మీద నడిపే కంటైనర్ క్లస్టర్‌నే, అంటే చాలా కంప్యూటర్లని ఒక్కటిగా నడిపే ఏర్పాటునే, ఇంట్లోనూ నడపడం నా పిచ్చి. దాని పద్ధతి నాకు భలే ఇష్టం. ఏ ప్రోగ్రామ్‌కి ఎన్ని కాపీలు ఉండాలో చెప్పి ఊరుకుంటే చాలు, ఒకటి చస్తే దాని చోట ఇంకొకటి అదే లేపుతుంది, ఒకటి ఎక్కువైతే అదే తీసేస్తుంది. "బల్బు మార్చడానికి మాత్రం ఈయనకి నెల పడుతుంది," అని నా భార్య దెప్పుతూ ఉంటుంది.

ఇంట్లో నేను, నా భార్య, మా అత్తగారు, ముగ్గురం. అత్తగారికి మతిమరుపు. ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లిపోతారు. అందుకే హాల్లో కెమెరా పెట్టి, ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాశాను. ఆ సెలవు రోజు పొద్దున దాన్ని సరిచేస్తూ తొందరలో తప్పు చేశాను. ముగ్గురికి తగ్గితే ఫోన్ మోగించమనాల్సింది పోయి, ముగ్గురికి తగ్గకుండా చూడమని క్లస్టర్‌కే రాసేశాను.

మధ్యాహ్నం బావమరిది లోపలికి రాకుండా గుమ్మంలోంచే అత్తగారిని పరీక్షలకని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఫోన్ మోగలేదు. తీసి చూస్తే ఇంట్లో ముగ్గురు అని ఉంది. చేసిన తప్పు అప్పుడు తట్టింది. నవ్వుకుంటూ స్టోర్‌రూమ్ తలుపు తీశాను.

కంపు. తడి జుట్టు కాలుతున్న కంపు. ఫ్యాన్లకి దుమ్ము పట్టడం మామూలే, కానీ ఇది దుమ్ము కాదు. నెరిసిన వెంట్రుకలు, గోళ్ల ముక్కలు, ఊడిన చర్మపు పొట్టు, అన్నీ ఏదో జిగురులో ముద్దయి ఉన్నాయి. వేలితో లాగితే తీగలా సాగింది. వెచ్చగా ఉంది. ఛీ! సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా చేతి జిడ్డు వదల్లేదు. అర మీంచి కారిన ఆ జిగురు నేల మీద చారలా హాల్లోకి పాకింది.

నా భార్య వచ్చి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమండీ... అమ్మ ఆస్పత్రికి వెళ్లింది కదా?"

"వెళ్లారుగా."

"మరి కుర్చీలో...?"

అత్తగారి కుర్చీలో ఒకటి మాకు వీపు పెట్టి కూర్చుంది. తల నిండా నెరిసిన జుట్టు. అది మొలిచింది కాదు, అంటించింది. మెడ మీద చర్మం అతుకులు అతుకులుగా ఉంది, ఆ సందుల్లోంచి చీములాంటిది ఊరుతోంది. ఊపిరి ఫ్యాన్ తిరిగినట్టు గుర్రుమంటోంది. నేను అన్నం తినే ఇంట్లో, నా చేత్తోనే పుట్టించాను దీన్ని.

పరిగెత్తి ప్లగ్గు పీకేశాను. లైట్లు ఆరాయి. ఫ్యాన్లు ఆగలేదు... ఫోన్‌లో లెక్కా ఆగలేదు.

బెల్ మోగింది.

"అమ్మాయ్, తలుపు తియ్యవే." అత్తగారి గొంతు. బావమరిది ఆవిణ్ణి గుమ్మంలో దింపి పోయినట్టున్నాడు.

చెప్పిన లెక్క కన్నా ఎక్కువైతే క్లస్టర్ ఒకదాన్ని చంపేస్తుంది. దేన్ని అన్నది దాని ఇష్టం.

"తియ్యకు," గుసగుసగా అన్నాను. "ఆవిడ లోపలికొస్తే నలుగురవుతారు. ఒకర్ని తీసేస్తుంది అది."

"దీన్ని ఇంట్లో పెట్టుకుని, మా అమ్మని బయట నిలబెట్టమంటారా?"

చెయ్యి విదిలించుకుని వెళ్లి తలుపు తీసింది.

ఫోన్ చూశాను. నాలుగు...

మూడు.

తలెత్తాను. అత్తగారు ఉన్నారు. ఆవిణ్ణి వాటేసుకుని నా భార్య ఉంది. కుర్చీలో అదీ ఉంది. హమ్మయ్య, ఎక్కడో లెక్క తప్పింది అనుకున్నాను.

"ఏమండీ! ఎక్కడికెళ్లారు?" నా భార్య ఇల్లంతా చూస్తూ అరిచింది. ఆ చూపు నా మీంచే పోయింది, ఆగలేదు.

"ఇక్కడే ఉన్నానే," అంది కుర్చీలోది, నా గొంతుతో.