నిద్ర నోటుబుక్కు

శంషాబాద్ నుంచి రావిర్యాల పోయే దారిలో, పడావు పడ్డ ప్లాట్ల నడుమ రెండు గదుల ఇల్లొకటి ఉంది. చీకటి పడితే ఆటోవాళ్లు కూడా దాని ముందు ఆపరు. లోపల ఎవరో పసిబిడ్డను జోకొడుతున్న చప్పుడు వస్తుందట... ఇంటికి తాళం వేసి ఉన్నప్పుడు కూడా.

సంతోషికి ఆ సంగతి తెలియదు. భర్త రవీందర్‌కు విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని, అన్నీ రాత్రి డ్యూటీలే. దగ్గర పడుతుందని ఆ ఇంట్లో కిరాయికి దిగారు.

వాళ్ల ఆరు నెలల బాబుకు నిద్రే లేదు. పడుకోబెట్టిన అరగంటకే కెవ్వుమని లేస్తాడు — ఎత్తుకుని తిప్పితేనే ఊరుకుంటాడు. తెల్లారేలోగా ఆరేడుసార్లు. నెల తిరిగేసరికి సంతోషి నిలబడే కునుకుతోంది. ఒకరోజు అట్లాగే కన్ను మూతపడి, బాబు చేతుల్లోంచి జారబోయాడు. ఆ భయంతోనే దవాఖానకు పరుగెత్తింది.

డాక్టర్ ముబష్షిరా బాబును అంతా పరీక్షించింది.

"రోగమేం లేదమ్మా. నీ చేతులుంటేనే నిద్రని అలవాటయింది వీడికి. రోజూ ఒకే టైముకు లైటు తీసెయ్. కండ్లు మూతలు పడుతుంటేనే పక్కమీద ఎల్లెలకల పండబెట్టు. మూలగంగనే ఎత్తుకోకు, జర ఆగు. ఎప్పుడు పండిండు, ఎప్పుడు లేచిండు — నోటుబుక్కుల రాసి వారానికి తీస్కరా."

మొదటి రెండు రాత్రులు నరకం. మూడో రాత్రి సంతోషి ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. లేచేసరికి... ఆరు!

గబుక్కున లేచి కూర్చుంది. తిరిగి చూస్తే బాబు వెల్లకిలా, గుప్పిళ్లు విప్పి హాయిగా పడుకున్నాడు. ఆ తర్వాత రోజూ అంతే. తొమ్మిదికి పండిండు, ఆరుకు లేచిండు — ఇంకో మాట రాసే పనే లేకపోయింది.

వారానికి డాక్టరమ్మ నోటుబుక్కు చూసి మెచ్చుకుంది. కాగితం తిప్పింది.

"వెనకపక్క రాసిందెవరు, మీ అత్తమ్మనా? మంచిగ చూసుకుంటున్నది."

"మా ఇంట్ల ఎవరు లేరు మేడం... నేను వెనకపక్క రాయలే."

సన్నటి, వణుకుతున్న అక్షరాలు.

'రెండుంపావు. ఏడ్చిండు. జోకొట్టిన.'

మరుసటి రాత్రిది — 'రెండుంపావు. బోర్ల పడ్డడు. ముక్కు బొంతల కూరుకుంది, ఊపిరాడలే. ఎల్లెలకల తిప్పిన.'

డాక్టరమ్మ గొంతు తగ్గింది. "మీ ఆయన కావచ్చు..."

"ఆయన పొద్దుగాల ఏడింటికి గాని రాడు మేడం."

సంతోషి మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు. అత్తాపూర్‌లో అక్క కవిత ఇంటికి పోయి, బాబును ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ మేలుకుంది. రెండుంపావుకు వాడు లేచాడు. ఎవరినో వెతుకుతున్నట్టు గదంతా చూశాడు. ఎంత జోకొట్టినా ఊరుకోలేదు...

పొద్దున, సామాన్లు తేవడానికి పోయిన రవీందర్ ఫోన్ చేశాడు. మాట తడబడుతోంది.

"సంతోషీ... గోడ మీద బొగ్గుతోని ఏందో రాసుంది."

"ఏమని?"

 గుసగుసగా చదివాడు —

"రెండుంపావు. పిల్లగాడు లేడు. ఇల్లంత వెతికిన... ఏడికి తీస్కపోయినవ్ బిడ్డా?"