ఖాలిద్ కోత

మార్కాపురం బయట పలకరాయి కోసే ఒక షెడ్డులో నేను పదమూడేళ్లు పనిచేసినాను. నా తర్వాత అక్కడే పనిలో చేరినోడు ఖాలిద్. నాకంటే ఆరేళ్లు చిన్న. రాయిని మిషన్ మీద పెట్టి అరచేత్తో మెల్లగా నెట్టేవాడు, అంతే. అంచు అద్దం మాదిరి వచ్చేది. నేను కోస్తే ఎక్కడో ఒకచోట పెచ్చు లేచేది.

"శ్యాంసనూ, వాని చెయ్యి చూసి నేర్చుకో" అనేవాడు ఓనరు, అందరి ముందర. అది విన్నరోజు నాకు అన్నం దిగేది కాదు. పెద్ద మిషన్ కూడా వానికే ఇచ్చినారు. నేను రాళ్లు అందించేవాణ్ణి.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్లేడు కింద రాతిముక్క ఇరుక్కుంటే ఖాలిద్ చెయ్యి పెట్టి తీస్తున్నాడు. బ్లేడు మీద ఉండాల్సిన ఇనుప మూతను, పని నిదానమైతుందని ఓనరు ఎప్పుడో తీయించినాడు.

"అన్నా, మెయిన్ ఆపినావా?"

"ఆపినా" అన్నాను.

మెయిన్ స్విచ్ ఆపలేదు. ఉలిక్కిపడతాడు, నలుగురూ నవ్వుతారు అనుకున్నా. నిజంగా అంతే అనుకున్నానో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

కరెంటొచ్చింది.

కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. పుండు విషమెక్కి, నెల తిరక్కుండానే పెద్దాసుపత్రిలో చనిపోయినాడు.

భార్య జాహిదా నష్టపరిహారం కోసం లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టింది. విచారణలో ఓనరు చెప్పమన్నదే చెప్పినాను. "ఖాలిద్ మా కూలీ కాదు సార్. నన్ను చూడ్డానికొచ్చి మిషన్ ముట్టుకున్నాడు." హాజరు పుస్తకంలో మా ఎవరి పేర్లూ ఉండవు. కేసు నిలబడలేదు. ఆ వారంలోనే పెద్ద మిషన్ నాకిచ్చినారు.

మొదటిరోజు మబ్బు పట్టి షెడ్డంతా మసకగా ఉంది. మిగతావాళ్లు టీకి పోయినారు. బ్లేడు మీద నీళ్లు పడుతున్నాయి. తడిరాతి వాసన. దాని కింద ఇంకో వాసన... ఆసుపత్రి కట్టుగుడ్డలది.

నా కుడిచేతి మీద ఏదో ఆనింది. చల్లగా.

అరచెయ్యి... ఐదు వేళ్లు.

చూస్తే ఏమీ లేదు. నేను నెట్టకుండానే రాయి కదిలింది. అంచు అద్దం మాదిరి వచ్చింది.

ఓనరు వేలితో తడిమి చూసినాడు. "అబ్బ! అచ్చం ఖాలిద్ కోత!"

భయం కంటే ముందు కడుపుమంట లేచింది నాకు. చచ్చినంక కూడా వాడేనా?

మరుసటిరోజు ఒంటరిగా ఉన్నప్పుడు మళ్లీ ఆ చలి. "పక్కకు పో" అని పళ్లు కొరికినా. "ఇది నా మిషన్."

చెవి పక్కన ఊపిరి.

"మెయిన్ ఆపినావా... అన్నా?"

నా చెయ్యి బ్లేడు వైపు జరిగింది. లాగినా. రాలేదు. నాలుగు వేళ్ల దూరం... రెండు...

"చెప్తా! పోయి నిజం చెప్తా!"

వదిలింది.

మిషన్ ఆపి నేరుగా జాహిదా ఇంటికి పోయినాను. సగం తలుపు తీసి నిలబడింది.

"ఎందుకొచ్చినావన్నా?"

"అబద్ధం చెప్పినానమ్మా. ఖాలిద్ మా షెడ్డులో పనిచేసేటోడే అని మళ్లీ రాసిస్తా."

తలుపు పూర్తిగా తీసి, "నడువు" అని బురఖా వేసుకుంది.

లేబర్ ఆఫీసులో ఆఫీసరు ఫర్హత్ మేడం కాగితం ఇచ్చింది. పనిచేసిన సంగతి, బ్లేడుకు మూత లేని సంగతి రాసినాను. మెయిన్ సంగతి రాయలేదు. రాయకూడదని దారిలోనే అనుకున్నా. సంతకం పెట్టి ఇచ్చినాను.

మేడం చదువుతా చదువుతా ఆగింది. "కింద ఉర్దూలో ఏందయ్యా ఇది?"

"నాకు ఉర్దూ రాదు మేడం."

జాహిదా వంగి చూసింది. "మెయిన్ ఆపలేదు..." అని చదివింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నా పక్కనుంచి గోడ దాకా వెనక్కి జరిగింది.

"ఇది... ఆయన దస్తూరి" అంది, గుసగుసగా.

మేడం నా చేతికేసి చూస్తా కుర్చీలోంచి లేచింది. నేనూ చూసినాను. కాగితం లేని బల్ల మీద నా చెయ్యి కుడి నుంచి ఎడమకు ఇంకా రాస్తానే ఉంది.