గుర్తు తెలియని గొడుగు

సోమవారం ఉదయం పది గంటలకు, రైల్వే స్టేషన్ మెట్ల మీద, ఒకే రకం పసుపు రెయిన్‌కోట్లు వేసుకున్న మూడు వందల మంది వానలో దిగుతున్నారు. వాళ్లలో ఒక్కడే చచ్చిపోయాడు.

తుపాకీ మోత ఎవరికీ వినపడలేదు. పడిపోయినవాడికి పెట్టుడు గడ్డం, పెట్టుడు ముక్కు, బుగ్గల్లో దూది. కన్నతల్లి ఎదురొచ్చినా "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగేంత వేషం. అయినా తూటా దారి తప్పలేదు. మిగతా రెండు వందల తొంభై తొమ్మిది మందినీ మర్యాదగా తప్పించుకుని వచ్చి అతన్నే వెతుక్కుంది.

పదకొండింటికల్లా గూఢచారి శాఖ చీఫ్ గదిలో బ్రీఫింగ్.

చీఫ్ బట్టతల మనిషి. ఆయన నవ్వినట్టు సర్వీసు రికార్డులో ఎక్కడా నమోదు కాలేదు. ఎదురుగా కూర్చున్న ఏజెంటుని శాఖలో అందరూ 'పెళ్లికొడుకు' అంటారు. ఏ పని మీద వెళ్లాలన్నా అద్దం ముందు రెండు గంటలు ముస్తాబవుతాడని ఆ పేరు. భార్య పోయి ఏడాదైంది. అయినా ఆ పేరు మార్చడానికి ఎవరికీ నోరు రాలేదు. ఈ ఏడాదిగా అతను ఏ పని మీదా బయటికి పోలేదు, శాఖవారి నల్లద్దాల కారులో రావడం, అందులోనే పోవడం.

"మీసం వంకరగా ఉందోయ్," అన్నాడు చీఫ్.

"అలవాటు లేదు సార్. ఎప్పుడూ ఆవిడే అతికించేది."

చీఫ్ ఫైలు తెరిచాడు. చదవడానికి కాదు, మొహం దాచుకోవడానికి.

"ముఖాల కంపెనీ. తెలుసుగా?"

తెలియనివాళ్లెవరు? ప్రతి స్తంభానికీ, ప్రతి బస్సుకీ, ప్రతి కొట్టు గుమ్మానికీ వాళ్ల కెమెరా ఉంది. కింద 'మీ భద్రత కోసమే' అని బోర్డు. చీమ కుంటుకుంటూ పోతుంటే ఏ కాలు బెణికిందో కూడా చెప్పేస్తుందట ఆ కెమెరా. పదేళ్లలో నలభై లక్షల మంది ముఖాలు పోగేసింది. ఎవరూ కాదనలేదు. అడిగితే కదా కాదనడానికి!

"ఆ ముఖాలన్నీ ఒక విదేశీ ముఠాకి అమ్ముతున్నారు. పొద్దున స్టేషన్ దగ్గర మనవాణ్ణి చంపింది శాంపిల్. వేషం మారుస్తాం గానీ, రెండు కళ్ల మధ్య దూరం మార్చలేం, చెవి మడత మార్చలేం. యంత్రం వాటినే చూస్తుంది. రేపు మధ్యాహ్నం పన్నెండుకి మొత్తం బదిలీ. ఒక్క ముక్క తక్కువైనా అవతల ఏదీ తెరుచుకోదు."

"మనవాళ్లు ఎంతమంది?"

"ముప్పై ఒక్కమంది. వాళ్లు కాక కోర్టు సాక్షులు. మొగుడి దెబ్బలకి పారిపోయి వేరే పేటలో తలదాచుకున్న ఆడవాళ్లు. పన్నెండు దాటితే ఎవరెక్కడున్నారో ఇంటి నంబరుతో సహా తెలిసిపోతుంది."

"బ్యాకప్?"

"లేదు. ఇంకెవరి దగ్గరా ఉండకూడదని ముఠా షరతు. ఆశకొద్దీ కంపెనీ నిన్ననే తన కాపీలన్నీ తనే చెరిపేసింది. మిగిలింది ఒక్కటి, పన్నెండో అంతస్తు సర్వర్ రూములో. లోపల మన నెమలి ఉంది. కోడ్‌వర్డ్, 'లిఫ్టులో దుమ్ముగా ఉంది.' జవాబు, 'మెట్లు ఇంకా అధ్వానం.'"

నెమలి ఆరేళ్లుగా ఆ కంపెనీలో సేల్స్ డైరెక్టర్ వేషంలో ఉన్న మన ఏజెంటు. ఒకప్పుడు ఆదివారం వస్తే పెళ్లికొడుకు ఇంట్లోనే భోజనం. అతన్ని అన్నయ్యా అనేది, అతని భార్యని వదినా అనేది.

"ఇంకో మాట," అన్నాడు చీఫ్. "శాఖలో అందరినీ ఆ యంత్రం పట్టేసిందని నెమలి రిపోర్టు. నిన్నొక్కణ్ణే పట్టలేదు. ఎందుకో మాకు అంతుపట్టలేదు. అందుకే నిన్ను పంపిస్తున్నా."

పెళ్లికొడుకు వంకర మీసాన్ని దువ్వుకున్నాడు. "నా మేకప్ సార్."

బేస్‌మెంట్‌లో వర్క్‌షాపు. అక్కడి మెకానిక్ మాస్టారు శాఖకి కావలసిన చిత్రమైన పరికరాలన్నీ తయారుచేస్తాడు. ఒకసారి బూటు మడమలో టైప్‌రైటర్ ఇరికించాడని చెప్పుకుంటారు. ఆ ఏజెంటు నడిచిన దారి పొడవునా ఉత్తరమే!

"గేటు స్కానర్ కొత్త వస్తువేదైనా ఇట్టే పట్టేస్తుంది. పాతదీ తుప్పు పట్టిందీ అయితే జాలిపడి వదిలేస్తుంది. ఇంట్లో అలాంటిదేదైనా ఉంటే పట్రా," అన్నాడు.

పెళ్లికొడుకు ఇంటికి వెళ్లాడు. రెండు గదులు. గోడలకి మేకులున్నాయి గానీ ఫోటోలు లేవు. శాఖలో చేరిన రోజున ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ తెచ్చి బాయిలర్‌లో వేయాలి. అది రూలు. పెళ్లి ఆల్బమ్‌ని ఆవిడే స్వయంగా మంటలో వేసింది. "ఇందులో నా ముక్కు సరిగ్గా పడలేదు లెండి, పీడా పోయింది," అని నవ్వింది కూడా. తలుపు పక్కన మూల ఆవిడ నల్ల గొడుగు ఆనించి ఉంది. ఏడాదిగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

మర్నాడు ఉదయానికి మాస్టారు దాని పిడిలో ఏదో బిగించి ఇచ్చాడు.

"దీని ఊచలే యాంటెన్నా. తెరిస్తే చాలు, నలభై అడుగుల లోపు ఏ డిస్కులోనూ ఏ జ్ఞాపకమూ మిగలదు. ఒక్కసారికే పనిచేస్తుంది, కాబట్టి ఇక్కడ తెరవకు. అన్నట్టు, దీని బటన్ బిగుసుకుపోయినట్టుందే! తెరవగలవా?"

"ఎప్పుడూ ఆవిడే తెరిచేది."

"మీసం ఆవిడే, గొడుగూ ఆవిడేనా? మరి నువ్వేం చేసేవాడివయ్యా?"

"పక్కన నడిచేవాణ్ణి."

మాస్టారు అక్కర్లేని స్క్రూ ఒకటి తీసి మళ్లీ బిగించాడు.

మంగళవారం పదకొండున్నర. లిఫ్ట్ ఇన్‌స్పెక్టర్ యూనిఫాం, చంకలో గొడుగు, ముక్కు కింద వంకర మీసం. లాబీలో కెమెరా అతన్ని పైకీ కిందకీ చూసి 'కొత్త ముఖం' అని రాసుకుని వదిలేసింది.

నెమలి ఎదురొచ్చింది. నీలిరంగు సూటు, ఎత్తు మడమల చెప్పులు. ఆమె నడుస్తుంటే రిసెప్షన్‌లో ముగ్గురు గుమాస్తాలు తప్పు బటన్లు నొక్కారు.

"లిఫ్టులో దుమ్ముగా ఉంది," అన్నాడతను.

"మెట్లు ఇంకా అధ్వానం. రండి."

పన్నెండో అంతస్తులో డెమో రూము. ఒక గోడ నిండా తెర. ఇంకో గోడ అద్దం, దాని అవతల సర్వర్లు మినుకుమినుకుమంటున్నాయి. తెర మూలలో అంకె కదులుతోంది. బదిలీ మొదలైంది, అరవై రెండు శాతం.

నెమలి తలుపు తాళం వేసింది. తిరిగేసరికి చేతిలో చిన్న పిస్టల్.

"గొడుగు కింద పెట్టండి అన్నయ్యా. నేనిప్పుడు వాళ్ల మనిషిని."

అతను గొడుగు నేల మీద పెట్టాడు. "ఎందుకమ్మా?"

"మీ శాఖ నా ఫోటోలు కాల్చింది. నా పేరు కొట్టేసింది. ఆరేళ్లలో ఒక్కరంటే ఒక్కరు 'ఎలా ఉన్నావే' అని అడగలేదు. వదిన ఉన్నన్నాళ్లూ ఆవిడ అడిగేది. వీళ్లు కనీసం నా పుట్టినరోజు గుర్తుపెట్టుకుంటారు."

"ఆ యంత్రం గుర్తు చేస్తుందేమో."

"ఎవరో ఒకరు!"

ఆమె వెంటనే సర్దుకుని ఒక మీట నొక్కింది.

"మిమ్మల్ని చంపాలని లేదు. ఇదిగో, చూడండి."

గోడ నిండా అతని భార్య.

బస్ స్టాపులో. మందుల షాపు ముందు. ఫుట్‌పాత్ మీద చెప్పు తెగి ఒంటికాలి మీద గెంతుతూ. నాలుగు వేల రెండు వందల పదకొండు సార్లు.

అతను కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. ఏడాదిగా ఆ ముఖం కొంచెం కొంచెంగా అతని చెయ్యి జారిపోతోంది. ముందు గడ్డం దగ్గర నొక్కు పోయింది. తర్వాత నవ్వినప్పుడు ఏ కన్ను ముందు మూసేదో పోయింది. పోయిన నెలంతా ఎంత తన్నుకున్నా కనుబొమలు గుర్తు రాలేదు. ఇప్పుడన్నీ ఎదురుగా ఉన్నాయి. ఎడమ కన్ను. ఎడమ కన్నే ముందు మూసేది.

"మొత్తం ఇందులో ఎక్కించాను," నెమలి పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టింది. "తీసుకెళ్లి ఇంట్లో కూర్చుని చూసుకోండి. పన్నెండు దాకా ఏమీ చేయకండి. అంతే."

అతను చూస్తున్నాడు. ఎనభై శాతం. ఎనభై ఐదు.

కదులుతున్న అన్ని బొమ్మల్లోనూ ఆవిడ చేతిలో గొడుగుంది. ఎండ లేదు, వాన లేదు, గొడుగు మాత్రం ఉంది. ఎన్నిసార్లు వెక్కిరించాడు! "ఏమిటే ఈ గొడుగు, జనం నవ్వుతున్నారు." "నవ్వనీండి. నా రంగు తగ్గిపోదూ!" అనేది.

ఇప్పుడు అదే వీధి కెమెరా వైపు నుంచి కనపడుతోంది. దారి మలుపు తిరిగింది. కెమెరా కుడివైపుకి వచ్చింది. ఆవిడ కబుర్లు చెబుతూ చెబుతూనే అతని ఎడమ పక్క నుంచి కుడి పక్కకి మారింది. గొడుగు వాల్చింది. గొడుగు వెనక అతను ఉన్నాడని అతనికి తెలుసు గానీ, యంత్రానికి రెండు కాళ్లు తప్ప ఏమీ కనపడలేదు. ఇంకో వీధి. ఇంకో కెమెరా. మళ్లీ పక్క మారింది. అన్నిసార్లూ, ఒక్కసారి కూడా తప్పకుండా.

ప్రతి బొమ్మ కింద యంత్రం రాసిన లేబుల్ ఉంది. ఆవిడ పేరు, వయసు, ఇంటి నంబరు. 'పక్కన ఉన్నది' అనే గడిలో 'గుర్తు తెలియని గొడుగు.'

నా మేకప్ సార్, అన్నాడు నిన్న! అతని చెయ్యి మీసం దాకా వెళ్లి ఆగిపోయింది.

చివరి బొమ్మ ఆసుపత్రి గేటు దగ్గరిది. పోవడానికి మూడు వారాల ముందు. ఆవిడ చేతులు వణుకుతున్నాయి. బటన్ నొక్కింది, తెరుచుకోలేదు. గొడుగు మొనని కాలి మడమకి రెండుసార్లు తట్టింది. టక్, టక్. తెరుచుకుంది. అతని వైపు వాల్చి, తను మాత్రం తలెత్తి కెమెరాలోకి చూసింది. కిటికీలోంచి తొంగిచూసే పక్కింటావిడని చూసినట్టు చూసింది.

తొంభై ఆరు శాతం. పదకొండు యాభై ఎనిమిది.

అతను లేచాడు. పెన్‌డ్రైవ్ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నెమలి ఊపిరి వదిలి పిస్టల్ దించింది.

"మంచి పని చేశారు అన్నయ్యా."

"వాన పడుతోంది. గొడుగు తీసుకెళ్తా," అని వంగి తీసుకుని బటన్ నొక్కాడు. తెరుచుకోలేదు.

మళ్లీ నొక్కాడు. ఉహూఁ.

నెమలికి అర్థమైంది. పిస్టల్ లేచింది, గొంతూ లేచింది. "వద్దన్నయ్యా! అందులోదీ పోతుంది! వదిన ఇంకోసారి చచ్చిపోతుంది!"

తొంభై తొమ్మిది.

అతను తెర వైపు చూశాడు. ఆవిడ ఇంకా తలెత్తే ఉంది.

"తొమ్మిదేళ్లు నన్ను దాచిందమ్మా," అన్నాడు. "నేను ఒక్క రోజు దాచలేనా?"

గొడుగు మొనని మడమకి తట్టాడు. టక్, టక్.

నల్లగుడ్డ గది మధ్యలో భళ్లున విచ్చుకుంది. అద్దం అవతల దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. తెర నెమ్మదిగా పోయింది. ముందు గేటు, తర్వాత గొడుగు, తర్వాత గడ్డం దగ్గర నొక్కు. ఎడమ కన్ను అన్నిటికంటే ఆఖరున పోయింది. జేబులో పెన్‌డ్రైవ్ గుండె మీద కాస్త వెచ్చబడి, చల్లారింది. గోడ మీద గడియారం పన్నెండు కొట్టింది.

నెమలి కాల్చలేదు. ఆరిపోయిన తెర వైపు చూస్తూ అడిగింది. "నాది కూడా పోయిందా?"

"పోయిందమ్మా. ఇక నిన్నెవరూ వెతకలేరు. వాళ్లూ, మేమూ."

ఆమె పిస్టల్ బల్ల మీద పెట్టి, ఎత్తు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. తలుపు దగ్గర ఆగింది.

"లిఫ్టు పనిచేస్తుందంటారా?"

"మెట్ల మీదుగా వెళ్లు. అధ్వానమే గానీ అక్కడ కెమెరాలు లేవు. ఇదిగో, ఎలా ఉన్నావే?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడా అడిగేది!" అని దిగిపోయింది.

మూడు గంటలకు చీఫ్ గదిలో రిపోర్టు. అతను పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టాడు. చీఫ్ దాన్ని కంప్యూటర్‌కి పెట్టి చూశాడు. ఖాళీ. నియమం ప్రకారం స్వాధీనం చేసుకోవాలి. ఆయన దాన్ని వెనక్కి తోశాడు.

"ఖాళీదేగా. ఉంచుకో. గొడుగు కూడా. ఇంతకీ యంత్రం నిన్నెందుకు పట్టలేకపోయిందో తెలిసిందా?"

"తెలిసింది సార్. నా మేకప్ కాదు."

చీఫ్ ఈసారి మీసం సంగతి ఎత్తలేదు.

కింద వాన దంచి కొడుతోంది. చీఫ్ కిటికీ దగ్గరికి వచ్చి చూశాడు. పెళ్లికొడుకు గేటు దగ్గర ఆగి, గొడుగుని మడమకి రెండుసార్లు తట్టి తెరిచాడు. కొంచెం పక్కకి వాల్చి పట్టుకుని, పక్కన ఉన్నవాళ్ల నడకకి తగ్గట్టు నెమ్మదిగా నడిచాడు. పక్కన ఎవరూ లేరు.

చీఫ్ కళ్లజోడు తుడుచుకుని సర్వీసు రికార్డు తీశాడు. ప్రత్యేక అర్హతలు అన్నచోట ఒక వాక్యం రాసి సంతకం పెట్టాడు. అది ఇప్పటికీ అందులోనే ఉంది. 'ఇంత పెద్ద గొడుగు వేసుకుని కూడా సగం తడిసిపోయే ఏజెంటు, మన శాఖలో ఇతనొక్కడే.'