క్వారీ గది దగ్గర ఆఖరు బండి

ఈ కథ నాకు మొట్టమొదట చెప్పినవాడు పక్కూరి బస్టాండు వెనక పంక్చర్ షాపాయన. నా బండి ట్యూబు నీళ్ళతొట్టిలో ముంచి, బుడగలు ఎక్కణ్ణుంచి లేస్తున్నాయో చూస్తూ చెప్పాడు. ఆయన వేసిన ప్యాచీ మూడోరోజే ఊడిపోయింది. ఆయన కథ కూడా అలాంటిదే, ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఊడి చేతికొస్తుంది. అందుకని ఆయన చెప్పింది చెప్పినట్టు కాకుండా, కొలతలు సరిచేసి చెబుతున్నా.

మా ఊరికి ఏడు కిలోమీటర్ల అవతల, గుట్టల మధ్య, మూతపడ్డ రాళ్ళ క్వారీ ఒకటుంది. దాని అంచున ఒంటిగది. తలుపు లేదు. కప్పు సగమే ఉంది. క్వారీ నడిచే రోజుల్లో ఆ గదిలో ఒక వాచ్‌మన్ ఉండేవాడు. రాళ్ళకి మందు పెట్టి పేల్చేముందు, గది ముందు వేలాడే రైలుపట్టా ముక్కని ఇనపరాడ్డుతో కొట్టేవాడు.

టంగ్... టంగ్... టంగ్...

మూడుసార్లు. అది వింటే ఎక్కడివాళ్ళక్కడ పరిగెత్తి దాక్కోవాలి.

ఒక సాయంత్రం ఆయన మూడుసార్లూ కొట్టాడు. అందరూ దాక్కున్నారు. ఆయనే దాక్కోలేదు. ఎందుకో ఎవరికీ తెలీదు.

అప్పట్నుంచి ఆ గదికి పేరు పడిపోయింది. చీకటి పడ్డాక అటు పోతే ఇనుము మోగుతుందట. మోగాక, వరస కలిపి పిలుస్తాడట... పలికామా, అంతేనట.

అటు పోయిన దర్జీ కథ ఇది.

దర్జీకి అప్పటికి యాభై దాటాయి. పంక్చరాయన లెక్కలో నలభై. అది తప్పు. కాలరు నూలుపోగంత తేడా వచ్చినా కుట్టంతా విప్పి మళ్ళీ కుట్టే మనిషి. ఎవరైనా "అంత చూడక్కర్లేదులెండి మాస్టారూ" అంటే, ఆ అన్నవాళ్ళ బట్టలు మళ్ళీ ముట్టేవాడు కాదు. అలా ముట్టనివాళ్ళు ఊళ్ళో పద్నాలుగు మంది ఉన్నారు.

ఇలాంటివాడికి ఆ వయసులో బండి పిచ్చి పట్టించింది బావమరిది, వెల్డరు. ప్రతి ఆదివారం ఆయనా, స్నేహితులూ బండ్లేసుకుని రోడ్డు లేనిచోట్ల తిరిగేవారు. రాళ్ళల్లో, వాగుల్లో, మేకలు కూడా ఆలోచించి దిగే చోట్ల. సోమవారం దర్జీ షాపు అరుగు మీద చేరి, ఎవడు ఎక్కడ పడ్డాడో చెప్పుకుని పొట్టలు పట్టుకునేవారు. దర్జీ మిషను ముందు కూచుని వినేవాడు. ఒక సోమవారం ఉండబట్టలేక నేనూ వస్తానన్నాడు.

"బావా, అది కుట్టుమిషను కాదు. తొక్కితే ముందుకు పోతుంది," అన్నాడు వెల్డరు.

"మీ అక్క కూడా కాదుగా. చెప్పినమాట వింటుందేమో చూద్దాం," అన్నాడు దర్జీ.

నేర్పింది మాత్రం రిటైరైన పోస్టుమాన్. అరవై నాలుగేళ్ళ మనిషి, అందరికీ బాబాయే. బావమరిదికి బాబాయి కాబట్టి దర్జీ ఆయనకి అల్లుడయ్యాడు. చుట్టరికం ఏమీ లేదు, వరస అంతే. ఊళ్ళో మిగతావాళ్ళందరికీ దర్జీ మాస్టారే.

ఇటుకబట్టీల వెనక ఖాళీ స్థలంలో మూడు ఆదివారాలు నేర్పాడు.

"టైర్లలో గాలి కొంచెం తగ్గించు అల్లుడూ. బిర్రుగా ఉంటే రాయి మీద పట్టు దొరకదు."

"కూచోకు. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడు. మోకాళ్ళు వదులుగా ఉంచు. కింద బండి ఎగిరితే ఎగరనీ, నీకెందుకు?"

"రాయి వంక చూడకయ్యా! రాయిని చూస్తే దాని మీదకే పోతావు. పోవాల్సిన చోటు చూడు."

మొదటిరోజు దర్జీ పదకొండుసార్లు పడ్డాడు. పదకొండుసార్లూ ముసలాయనే వచ్చి బండి లేపాడు. ఒక్కసారి కూడా నవ్వలేదు. దర్జీ అది గుర్తుపెట్టుకున్నాడు. నవ్వినవాళ్ళనీ గుర్తుపెట్టుకున్నాడు.

మూడో ఆదివారం చివర్లో ముసలాయన హెల్మెట్ తీసి పక్కన పెట్టి, ఒక మాట చెప్పాడు. గుట్టల్లో దారి చీలిన ప్రతిచోటా ముందుబండి ఆయన ఎవరికో ఒకరికి వేలు చూపిస్తాడు. ఆ చూపించినవాడు అక్కడే ఆగి, వెనకొచ్చేవాళ్ళకి దారి చెప్పాలి. ఆఖరు బండి వచ్చి చెయ్యెత్తితేనే కదలాలి. ఆఖరు బండి ఎప్పుడూ ముసలాయనదే. ఎవడు పడ్డా లేపుకుంటూ వచ్చేది ఆయనే.

"నేను చెయ్యెత్తేదాకా కదలకు అల్లుడూ. మీరు పడితే లేపడానికి నేనున్నా. నేను పడితే, చీలిక దగ్గర నిలబడ్డవాడు తప్ప ఇంకెవడూ ఉండడు."

"నా సంగతి తెలీదా? కాజా కుడుతుంటే కరెంటు పోయినా సూది వదలను," అన్నాడు దర్జీ.

నాలుగో ఆదివారం నిజం దారి. మొత్తం ఆరు బండ్లు. పోయేటప్పుడు బాగానే పోయారు. వచ్చేటప్పుడు ఒకడి చైను తెగింది. అది అతికి బయల్దేరేసరికి పొద్దు గుంకింది. గుట్ట సగం దిగేసరికి చీకటి.

క్వారీ గది దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడివైపుది కిందికి, రైల్వేగేటు దాకా. ఎడమవైపుది సూటిగా క్వారీ గొయ్యి అంచుకి.

ముందు వెల్డరు బండి. వెనక దర్జీ. వెల్డరు వెనక్కి తిరగకుండానే వేలు చూపించాడు...

దర్జీకే.

ఆగాడు. మూడు బండ్లు దాటిపోయాయి. వాటి చప్పుడు గుట్ట కిందికి పోయి, సన్నబడి, ఆగిపోయింది. ఇంకొక్క బండి రావాలి.

ఇంజను ఆపాడు. లైటు మాత్రం ఉంచాడు. హెల్మెట్ తియ్యలేదు. తల చుట్టూ ఆ మాత్రం గోడ ఉంటే మంచిదనిపించింది.

గది వంక చూడకూడదనుకున్నాడు. చూడకూడదనుకున్నకొద్దీ మెడ అటే తిరుగుతోంది. కప్పు లేని సగంలోంచి ఆకాశం కనిపిస్తోంది...

టంగ్...

రాయేదో దొర్లి ఉంటుందనుకున్నాడు.

టంగ్... టంగ్...

లెక్కపెట్టాడు. మూడు.

ఊపిరి హెల్మెట్ అద్దం మీద ఆవిరై, ఉన్న దారి కూడా కనపడకుండా పోయింది. అద్దం ఎత్తడానికి చెయ్యి లేవలేదు.

మళ్ళీ — టంగ్... టంగ్... టంగ్...

తర్వాత, గది వెనక నించి, నేలలోంచి వచ్చినట్టు, ఒక గుసగుస—

"అ...ల్లు...డూ..."

కిక్కు కొట్టాడు. అంటుకోలేదు. మళ్ళీ కొట్టాడు. అంటుకోలేదు. బండిని అలాగే వాలులోకి తోసి ఎక్కేశాడు. సగం దూరం జారాక ఇంజను అందుకుంది. ఫుట్‌రెస్టుల మీద నిలబడ్డాడు, మోకాళ్ళు వదిలాడు, రాళ్ళ వంక చూడలేదు. మూడు వారాలు కుదరనిది ఆ పావుగంటలో కుదిరింది. గేటు దాకా ఒక్కచోట కూడా కాలు కింద పెట్టలేదు. తలుచుకుంటే అదొక సిగ్గు.

గేటు దగ్గర నలుగురూ బండ్లు దిగి నీళ్ళు తాగుతున్నారు.

"బాబాయేడీ?" అన్నాడు వెల్డరు.

ఎనిమిది కళ్ళు తన మీద. భయపడి వదిలేసి వచ్చానని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో అరుగు మీద సోమవారం నవ్వులు వినపడ్డాయి దర్జీకి.

"చెయ్యెత్తాడు. వెనకే వస్తున్నాడు."

అన్నాడు. అంత చిన్న మాట.

"మరి నువ్వేంటి బావా, ఇలా వణికిపోతున్నావ్?"

"అక్కడ... ఏదో ఉంది. ఇనుము మోగింది. పిలిచింది కూడా."

"ఏమని?"

"అల్లుడూ... అని."

వెల్డరు నోట్లో నీళ్ళు బయటికొచ్చాయి. "చెప్పావు కాదేం బావా, క్వారీలో మా అక్కకి సవతి ఉందని!"

అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల మధ్య దర్జీకి ఆ పిలుపు మళ్ళీ వినపడింది. ఊరు మొత్తం మీద తనని అల్లుడూ అని పిలిచే నోరు... ఒక్కటే.

తెలిసిపోయింది. అప్పుడే తెలిసిపోయింది. ఇక్కడ పంక్చరాయన కథలో దర్జీ వెంటనే బండి తిప్పుతాడు. తిప్పలేదు. వెంటనే వెనక్కి పోతే, చెయ్యెత్తాడన్న మాట అబద్ధమని అందరికీ తెలిసిపోదూ? గుట్ట వంక చూస్తూ కూచున్నాడు. లైటు వస్తుంది, వచ్చేస్తుంది, లేచే ఉంటాడు, గట్టి మనిషి... ఒకడు లేవబోతే "ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం" అన్నది కూడా దర్జీయే. రెండుసార్లు అన్నాడు.

ముప్పావు గంట గడిచింది. లైటు రాలేదు.

"నేను చూసొస్తా," అని లేచాడు.

"దెయ్యముందన్నావు!"

"ఉంటే ఉండనీ."

నలుగురూ నోళ్ళు తెరిచి చూశారు. వెల్డరు దగ్గరికొచ్చి భుజం పట్టుకున్నాడు. "నిన్ను చాలా తక్కువ అంచనా వేశాను బావా," అన్నాడు. దానికన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

గది వెనక, మనిషి లోతు గుంట. మలుపులో ముందు చక్రం జారి అందులో పడ్డాడు ముసలాయన. లైటు పగిలింది. బండి కుడికాలి మీద ఉంది. చేతిలో పానా. దాంతో ఇంజను కింది ఇనపరేకుని కొడుతున్నాడు. ఇప్పుడు చప్పుడు సరిగ్గా రావట్లేదు, చెయ్యి అలిసిపోయింది. మూడు కొట్టి ఆగుతున్నాడు. మూడుసార్లు మోగితే ప్రమాదమని ఈ చుట్టుపక్కల ఎవరికైనా తెలుస్తుంది కదా అనుకున్నాడట.

దర్జీ బండి లేపాడు. పడ్డప్పుడు వేడి సైలెన్సరుకి ఆని ముసలాయన ప్యాంటు గుడ్డ పిక్కకి అతుక్కుపోయి ఉంది. ఆ ప్యాంటు తను కుట్టిందే.

ముసలాయన మొహం చెమటతో తడిసిపోయి ఉంది. పానా పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా,

"నీ లైటు కనపడింది అల్లుడూ," అన్నాడు. "అటు తిరిగింది. తర్వాత కనపడలేదు."

అంతే. తిట్టలేదు.

ఇంతలో మిగతావాళ్ళూ వచ్చేశారు. వెల్డరు గుంటలోకి దూకి, "అదేంటి బాబాయ్! చెయ్యెత్తావంట కదా, మరి ఎలా పడ్డావు?" అన్నాడు.

ముసలాయన తలతిప్పి దర్జీని చూశాడు. సూదిలో దారం ఎక్కించేంతసేపు చూశాడు.

"ఎత్తాను రా," అన్నాడు. "అల్లుణ్ణి పొమ్మని ఎత్తి, ఆ ఒంటిచేత్తో మలుపు తిప్పబోయి పడ్డాను. నాదే తప్పు."

మడమ ఎముక రెండుచోట్ల విరిగింది. మూడు నెలలు మంచం. ఆ తర్వాత కుంటు. మళ్ళీ బండెక్కలేదు.

కథ మాత్రం నాలుగు కాళ్ళతో పరిగెత్తింది. వాచ్‌మన్ దెయ్యం పోస్టుమాన్ కాలు పట్టి గుంటలోకి లాగిందట. దర్జీ ఒక్కడే వెనక్కెళ్ళి కలబడ్డాడట. అది ఆయన గొంతు పట్టుకుందట. పదడుగుల ఎత్తట. పంక్చరాయన పదడుగులన్నప్పుడల్లా చెయ్యి పైకెత్తి చూపిస్తాడు, తొట్టిలో నీళ్ళన్నీ మన మీద పడతాయి. ఊళ్ళో దర్జీకి మర్యాద పెరిగింది. పిల్లలు లేచి నిలబడేవారు. ఆయన వద్దనలేదు.

ఒకరోజు షాపుకి ఒకావిడ వచ్చింది. పాత దుప్పటి, అంచు కుట్టమని. కొలత తీసుకుంటుంటే నిలబడి నిలబడి, మెల్లగా అడిగింది.

"మాస్టారూ... మా ఆయన మీ గొంతు పట్టుకున్నాడంట కదా?"

దర్జీకి అర్థం కాలేదు.

"క్వారీ వాచ్‌మన్... ఆయన భార్యని. బతికున్నన్నాళ్ళూ ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు మాస్టారూ. ఆరోజు కూడా ఎవరో లోపల ఉండిపోయారేమోనని చూడ్డానికే పోయుంటాడు. అలాంటి మనిషి... మీకు ఏమన్నా కష్టం కలిగించుంటే, ఆయన తరఫున నేను—"

చేతులు జోడించింది.

దర్జీ తల ఎత్తలేదు. మిషను తొక్కాడు. ఆ దుప్పటి అంచు వంకరగా పోయింది. అలాగే మడిచి ఇచ్చేశాడు.

ఆ దర్జీని నేనే.

పంక్చర్ షాపాయనకి నేను ఈ ఊరివాణ్ణని తెలీదు. నా కథ నాకే చెప్పాడు, చివర్లో "ఎంత ధైర్యమండీ!" అన్నాడు. నేను ట్యూబు తీసుకుని వచ్చేశాను. అక్కడే చెప్పి ఉండాల్సింది. ఆయన మీద నాకున్న కోపంలో సగం నా మీదదే.

నా అక్షరాలు కొలతల పుస్తకానికి తప్ప పనికిరావు. ఇది చదివినవాళ్ళు ఎవరైనా సరే, ఆ బస్టాండు వెనక్కి వెళ్ళి ఆయనకి సరిగ్గా చెప్పండి. వాచ్‌మన్ ఇంటావిడ వినేట్టు చెప్పండి, అక్కడ ఆమె భర్త లేడనీ, ఎవరి గొంతూ పట్టుకోలేదనీ. బాబాయి ఇప్పుడు కూతురింట్లో మేడమీద గదిలో ఉంటున్నాడు, చెవులు సరిగ్గా వినపడవు. మీరు వెళ్ళి అడిగితే ఇప్పటికీ ఎత్తాననే అంటాడు. ఆయన మాట నమ్మకండి.

ఆయన చెయ్యెత్తలేదు.